మచ్చ ఆకు మీద ఉందా, అద్దం మీద ఉందా?



ఈసారి జీవామృతం గురించి కాదు, విత్తనం గురించీ కాదు. కెమెరాలో పడిన దుమ్ము గురించి రాస్తున్నా. సేద్యం మాట్లాడుకునే చోట కెమెరా గొడవ ఎందుకప్పా అనుకోవద్దండి. ఆ దుమ్ము వల్ల ఒక రైతు మూడెకరాల చేనులో రసాయన మందు కొట్టాడు. తప్పు ఆయనది కాదు, నాది. జరిగింది దాచుకోకుండా చెప్పి, దాని నుంచి నాకు అర్థమైన రెండు మూడు మాటలు మీ ముందు పెడతాను. కెమెరా శుభ్రం చేసే పద్ధతి చేతులతో సహా వీడియోలో చూపించాను. ఎందుకు చేయాలో మాత్రం ఇక్కడ చదవండి.

జరిగింది ఇదీ

పోయిన ఖరీఫ్‌లో, శెనక్కాయ పైరు నలభై ఐదు రోజుల మీద ఉన్నప్పుడు, పక్క ఊళ్ళో ఒక రైతు చేనుకు పోయాను. నాకు చిన్నాయన వరస అవుతాడు. ప్రకృతి సేద్యంలోకి వచ్చి రెండో ఏడాది. మూడెకరాల ఎర్రనేల, బోరు లేదు, వానే దిక్కు. శెనక్కాయ మధ్యలో కంది, అలసంద, ఆముదం సాళ్ళు పెట్టినాడు. చేను చూడముచ్చటగా ఉంది. వీడియో తీశాను, ఆకులవి దగ్గర నుంచి ఫోటోలూ తీశాను. ఆకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా స్పష్టంగా రావాలని లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి తీశాను. అందులో ఒక ఫోటోను వీడియోకు ముఖచిత్రంగా పెట్టి వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలాను.

ఆ ఫోటోలో ఆకుల మీద ఐదారు గుండ్రటి మచ్చలు ఉన్నాయి. బూడిదా నలుపూ కలిసిన రంగు. రాత్రి పూట ఫోన్‌లో చూసి పెట్టేశాను కాబట్టి నాకు కనబడలేదు. కనబడినవాళ్ళకు కనబడింది. "ఇది తిక్క ఆకుమచ్చ, మొదలైంది, వారంలో చేనంతా పాకుతుంది" అని ఒకాయన రాశాడు. ఇంకొకాయన మందు పేరు కూడా రాశాడు. బెంగళూరులో పనిచేసే ఆ రైతు కొడుకు అది చూసి భయపడి ఇంటికి ఫోన్ చేశాడు. "నాయనా, నీ కషాయాలు తర్వాత చూసుకుందువు, ముందు పైరు దక్కించుకో" అన్నాడంట.

చిన్నాయన సాయంత్రం చేను తిరిగి చూశాడు. ఆయనకు చూపు కొంచెం మందం. వాన చినుకులకు చిమ్మిన ఎర్రమట్టి కింది ఆకుల మీద చుక్కలు చుక్కలుగా ఎండిపోయి ఉంది. అవే మచ్చలనుకున్నాడు. తెల్లారి అంగడికి పోయి తెగులు మందు తెచ్చి కొట్టించాడు. మందూ కూలీ కలిపి మూడు వేలు దాటింది.

మూడు వేలు పోతే పోయిందనుకోవచ్చు. కానీ ఆ మూడెకరాలు పీజీఎస్ గ్రూపులో ఉన్నాయి. రసాయనం కొట్టిన సంగతి ఆయనే మీటింగులో ఒప్పుకున్నాడు. దాంతో మార్పు కాలం మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వచ్చింది. రెండేళ్ళ ఓపిక ఒక్క పూటలో పోయింది.

నాలుగు రోజులకు నాకు కబురు తెలిసి పరుగెత్తుకుంటూ పోయాను. "ఏమప్పా, నా చేనుకు తెగులొచ్చిందని లోకానికంతా చూపిస్తివి, నాకు మాత్రం ఒక్క మాట చెప్పకపోతివి" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక తల దించుకున్నా. ఇద్దరం సాళ్ళ వెంట కూర్చుని ఆకులు తిప్పి తిప్పి చూశాం. మందు కొట్టినంత మాత్రాన పాత మచ్చలు మాయం కావు, ఉండాల్సిన చోట ఉండాలి. ఒక్కటంటే ఒక్కటి లేదు. మట్టి చుక్కలు గోటితో గీకితే రాలిపోయాయి.

ఇంటికొచ్చి ఆ రోజు ఫోటోలన్నీ పెద్ద తెర మీద వరసగా తిప్పాను. ప్రతి ఫోటోలో అవే ఐదారు మచ్చలు, అవే చోట్ల. ఒకదాంట్లో ఆకు మీద, ఇంకోదాంట్లో మబ్బు మీద. మూడో దాంట్లో చిన్నాయన భుజం మీది తెల్ల తువ్వాలు మీద. తువ్వాలుకు తిక్క తెగులు రాదు కదా! మచ్చ చేనులో లేదు, నా కెమెరాలో ఉంది.

దుమ్ము ఎక్కడ కూర్చుంటుంది

పాత రీలు కెమెరాల్లో ఒక్కో ఫోటోకు కొత్త ఫిల్మ్ ముక్క వచ్చేది. దుమ్ము పడినా చాలావరకు ఆ ముక్కతో పాటే ముందుకు జరిగిపోయేది. డిజిటల్ కెమెరాలో రీలు స్థానంలో సెన్సార్ ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. ఒకసారి అంటుకున్న రేణువు తీసేదాకా అన్ని ఫోటోల్లోనూ ఉంటుంది.

నిజం చెప్పాలంటే దుమ్ము నేరుగా సెన్సార్ మీద పడదు. దానికి కాపలాగా ముందు ఒక పల్చటి గాజు ఫిల్టర్ ఉంటుంది, దాని మీద పడుతుంది. ఆ గాజుకూ సెన్సార్‌కూ మధ్య కాస్త ఎడం ఉంటుంది కాబట్టి ఫోటోలో వచ్చేది రేణువు నీడ. లెన్స్ రంధ్రం పెద్దగా తెరిస్తే, అంటే ఎఫ్/2.8 లాంటి చోట, వెలుతురు నాలుగు వైపుల నుంచీ వచ్చి నీడ చెదిరిపోతుంది. ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూస్తే వెలుతురు సన్నటి ధారగా వస్తుంది, నీడ గట్టిగా పడుతుంది. మబ్బు పట్టిన రోజు మన నీడ మనకు కనబడదు, ఎండ కాసిన రోజు కనబడుతుంది. ఇదీ అంతే.

మన అనంతపురం ఎండ ఇక్కడే దెబ్బ తీస్తుంది. వీడియో సెకనుకు 25 ఫ్రేములతో తీస్తే షటర్ 1/50 దగ్గర పెట్టుకుంటాం. ఐఎస్ఓ 100కి దించినా మధ్యాహ్నపు ఎండకు రంధ్రం ఎఫ్/22 దాకా మూయాల్సి వస్తుంది. ఇంకెక్కడో మబ్బుల ఊళ్ళో అదే కెమెరా, అదే దుమ్ముతో ఏళ్ళ తరబడి మచ్చ కనబడకుండా నడిచిపోవచ్చు. మన దగ్గర మాత్రం దుమ్మూ ఎక్కువే, దాన్ని బయటపెట్టే ఎండా ఎక్కువే.

దీనికి సులువైన ఉపాయం ఎన్‌డీ ఫిల్టర్. లెన్స్‌కు కూలింగ్ గ్లాస్ పెట్టినట్టు అనుకోండి. వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే ఫిల్టర్ పెడితే ఎఫ్/22కి బదులు ఎఫ్/8తో తీయొచ్చు, సగం మచ్చలు అక్కడే తేలిపోతాయి. ఇంకా సులువైనది, పైసా ఖర్చు లేనిది: పొద్దున ఏడు లోపల తీయడం. ఎండ మెత్తగా ఉంటుంది, గాలీ తక్కువ.

ఫోన్‌తో తీసేవాళ్ళకు ఈ బాధ దాదాపు లేదు. లెన్స్ ఊడదు కాబట్టి లోపలికి దుమ్ము పోయే దారి తక్కువ. కానీ బయటి గాజు మీద వేలిముద్రలు, ఎండిన పంచగవ్య చుక్కలు ఉంటాయి. వాటితో ఫోటో మసకబారి ఆకు పాలిపోయినట్టు వస్తుంది. జేబులోంచి తీసి పంచె అంచుతో రుద్దకండి, ముందు మట్టి పోయేలా ఊది, తర్వాత మెత్తటి బట్టతో తుడవండి.

తేల్చుకునేది ఎట్లా

రెండు వైపుల నుంచీ చూడాలి. ముందు కెమెరా వైపు.

రంధ్రం ఎఫ్/22కి పెట్టి, ఐఎస్ఓ తగ్గించి, తెల్ల గోడనో మబ్బు లేని ఆకాశాన్నో ఫోకస్ చెదరగొట్టి ఒక ఫోటో తీయండి. సూర్యుడి వైపు మాత్రం పెట్టొద్దు. ఫోటోను పెద్దది చేసి మూల నుంచి మూలకు చూడండి. దుమ్ము ఉంటే చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. కెమెరా కొంచెం జరిపి ఇంకోటి తీయండి. గోడ మీది మరక అయితే జరుగుతుంది, సెన్సార్ మీది దుమ్ము అయితే జరగదు. వీడియోలోనూ ఇదే గుర్తు: కెమెరా తిప్పినప్పుడు చేను కదులుతుంది, మచ్చ ఉన్నచోటే ఉంటుంది.

ఇక ఆకు వైపు. శెనక్కాయలో ముందుగా వచ్చే తిక్క మచ్చ గోధుమ రంగులో, గుండ్రంగా, చుట్టూ పసుపు వలయంతో ఆకు పైభాగాన కనబడుతుంది. ఆలస్యంగా వచ్చేది ఇంకా నల్లగా, ఆకు అడుగున స్పష్టంగా కనబడుతుంది. రెండూ కింది ముదురాకుల మీద మొదలై పైకి పోతాయి. అద్దం మీది దుమ్ముకు పసుపు వలయం ఉండదు. ఆకు అంచు దాటి నేల మీద కూడా సగం పడుతుంది. ఆకు తిప్పితే మచ్చ తిరగదు.

ఒక్క ఫోటో చూసి తెగులు పేరు చెప్పేవాళ్ళకు, నాతో సహా, నా విన్నపం ఒక్కటే. ఆకు రెండు వైపులా చూపించమని అడగండి. కింది ఆకు, పైఆకు, మొత్తం మొక్క, నాలుగు ఫోటోలైనా చూడండి. వీలైతే పక్క ఊరి రైతునెవరినైనా చేనులోకి పంపించండి. మందు పేరు రాయడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్ల ఖర్చు రైతు కడతాడు.

ఊదిన తర్వాతే తుడవాలి

వివరంగా వీడియోలో ఉంది. ముఖ్యమైనవి ఇక్కడ రాస్తాను.

మన ఎర్రమట్టి నల్లరాయి, గ్రానైటు అరిగి పుట్టింది. అందులో పలుగురాతి పొడి ఉంటుంది, అది గాజు కంటే గట్టిది. పొడి మట్టి ఉండగానే గుడ్డతోనో స్వాబ్‌తోనో రుద్దితే గాజును గీకినట్టే. అందుకే మొదటి పని ఊదడం. నోటితో కాదు, ఉమ్మి తుంపర పడుతుంది. డబ్బాలో నింపిన గ్యాసు గాలి కూడా వద్దు, లోపలి ద్రవం చిమ్మి గాజుకు అంటుకుంటుంది. రబ్బరు బంతిలాంటి బ్లోయర్ చాలు.

బ్యాటరీ నిండుగా ఉండాలి. మెనూలో సెన్సార్ క్లీనింగ్ పెట్టండి. అద్దం ఉన్న కెమెరాలో అద్దం పైకి లేచి, షటర్ తెరుచుకుంటుంది. మధ్యలో బ్యాటరీ అయిపోతే అవి మీ చేతి మీదే మూసుకుంటాయి. కెమెరా ముఖం నేల వైపు పెట్టి కింద నుంచి ఊదండి, రాలిన దుమ్ము కిందికే పడుతుంది. బ్లోయర్ మూతి లోపలికి దూర్చొద్దు. ఊదాక గోడ ఫోటో మళ్ళీ తీసి చూడండి. నాకు ఎక్కువసార్లు ఇక్కడితోనే పని అయిపోయింది.

ఇంకా మిగిలితే తడి స్వాబ్. సెన్సార్ వెడల్పుకు సరిపోయే సైజు తీసుకోవాలి: ఫుల్‌ఫ్రేమ్‌కు 24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీకి 16. దానికోసం తయారుచేసిన ద్రవం రెండు మూడు చుక్కలు మాత్రమే వేసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి, తిప్పి రెండో వైపుతో ఇంకొక్కసారి. అంతే, ఆ స్వాబ్ పారేయండి. దాన్నే మళ్ళీ వాడితే తీసిన మట్టితోనే గీకినట్టు. మచ్చ ఎక్కడుందో వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: బొమ్మ సెన్సార్ మీద తలకిందులుగా పడుతుంది. ఫోటోలో పైన ఎడమ మూలన ఉన్న మచ్చ, లెన్స్ తీసి ముందు నుంచి చూస్తే కింద ఎడమ మూలన దొరుకుతుంది. చెయ్యి వణికేవాళ్ళు, ధైర్యం చాలనివాళ్ళు సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. అందులో సిగ్గేమీ లేదు.

కెమెరాలు తమంతట తాము దులుపుకునే ఏర్పాటు కూడా ఉంది. 2003లో ఒలింపస్ ఈ-1 కెమెరాతో మొదలైంది. ముందున్న గాజును అతివేగంగా వణికించి దుమ్ము రాలుస్తుంది. తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. పొడి దుమ్ముకు బాగానే పనిచేస్తుంది. తేమ తగిలి అతుక్కున్న మన్నును మాత్రం వదిలించలేదు.

అసలు దుమ్ము లోపలికి పోనివ్వకపోతే ఇవన్నీ తప్పుతాయి. చేనులో లెన్స్ మార్చకండి. తప్పదంటే కెమెరా ఆపి, గాలికి వీపు పెట్టి, ముఖం కిందికి వంచి, పెట్టుకోబోయే లెన్స్ ముందే సిద్ధంగా ఉంచుకుని మార్చండి. నేనైతే శుభ్రమైన పెద్ద ప్లాస్టిక్ కవరులో రెండు చేతులూ పెట్టి మారుస్తా. ముందుకూ వెనక్కూ సాగే జూమ్ లెన్సులు సైకిలు పంపులా గాలి పీల్చి వదులుతాయి, దుమ్ము రేగేచోట వాటితో ఊరికే ఆడొద్దు. శెనక్కాయ మిషను ఆడేచోట, జొన్నలు తూర్పారబట్టేచోట, ఆరిన ఘనజీవామృతం చిదిమేచోట గాలికి ఎదురు వైపు నిలబడి తీయండి. సంచిని వారానికోసారి తిరగేసి దులపండి. సంచిలోని మట్టే లెన్స్ వెనక మూతకు, అక్కడి నుంచి కెమెరా లోపలికి చేరుతుంది.

కంప్యూటర్‌లో చెరిపేస్తే పోదా?

ఫోటోగ్రాఫర్ మిత్రులు చాలామంది ఈ మాటే అన్నారు. "ఇంత తిప్పలెందుకు, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కు నొక్కితే మచ్చ పోతుంది" అని. పెళ్ళి ఫోటోకు అది సరే. చేను ఫోటోకు నేను ఒప్పుకోను.

అద్దం మీది మచ్చా, ఆకు మీది మచ్చా పక్కపక్కనే ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్‌కు తేడా తెలియదు. రెండూ చెరిపేస్తుంది. అప్పుడు లేని తెగులు చూపించిన నేను, ఉన్న తెగులు దాచిపెట్టినవాణ్ణవుతా. రెండో తప్పు ఇంకా పెద్దది, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టుకోలేరు. ప్రకృతి సేద్యంలో తెగుళ్ళు రావని నేనెప్పుడూ చెప్పలేదు. వస్తాయి. పుల్లటి మజ్జిగకు తగ్గినవీ ఉన్నాయి, తగ్గక పైరు దెబ్బతిన్నవీ ఉన్నాయి. వాటినీ చూపిస్తేనే పచ్చగా ఉన్న చేను చూపించినప్పుడు జనం నమ్ముతారు.

పచ్చదనం పెంచే ఫిల్టర్ల గురించీ ఇదే మాట. పాలిపోయిన ఆకు నేలలో ఏదో తక్కువైందని రైతుకు చెప్పే కబురు. రంగు పెంచితే ఆ కబురు చేరదు. కొన్ని వీడియోల్లో చేలు చిలకపచ్చగా మెరిసిపోతుంటాయి. అవి చూసి, తన చేను అట్లా లేదని దిగులుపడి ఫోన్ చేసిన రైతులు నాకు తెలుసు. వాళ్ళ చేను బాగానే ఉంది. చెడింది వీడియో.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు చాలా ఏళ్ళ కిందటే వీడియో కెమెరా పట్టుకున్నారు. తమ చిరుధాన్యాల చేలను తామే తీసి లోకానికి చూపించారు. రైతు తీసిన బొమ్మకు విలువ నిజం వల్ల వస్తుంది, నునుపు వల్ల రాదు. ఆ నిజాన్ని కాపాడుకోవాలంటే అద్దాన్ని చేత్తో తుడుచుకోవాలి, చిత్రాన్ని దిద్దకూడదు.

ఇంతకీ ఈ దుమ్ము ఎవరిది?

ఆ రోజు స్వాబ్ తీసి చూస్తే అంచు ఎర్రగా ఉంది. చాలాసేపు చూస్తూ కూర్చున్నా. కెమెరా వరకు అది మురికి. కానీ అది ఎవరో ఒక రైతు చేను పైమన్ను.

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని, మన దాకా వచ్చేసరికి ఎక్కువగా గాలే మిగులుతుంది. ఆషాఢం గాలి సంగతి మీకు నేను చెప్పాలా! రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. 2022లో జిల్లా రెండైంది, రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. గాలి మాత్రం రెండు జిల్లాలకూ ఒకటే.

ఆ గాలికి మనమేం ఇస్తున్నాం? తరాలుగా శెనక్కాయ మీద శెనక్కాయ వేశాం. జొన్న కోస్తే మొదళ్ళయినా నేలలో నిలుస్తాయి. శెనక్కాయను వేరుతో సహా పీకుతాం, పీకినప్పుడే మన్ను గుల్లబారుతుంది. కట్టె మొత్తం గొడ్లకు పోతుంది. కార్తీకం నుంచి మళ్ళీ మృగశిర కార్తె దాకా ఆరేడు నెలలు నేల ఒంటి మీద గుడ్డ లేకుండా పడి ఉంటుంది. దాని మీద వేసవి దుక్కి దున్నుతాం. వేసవి దుక్కి వల్ల తొలి వాన ఇంకుతుందని, పురుగుల కోశాలు ఎండకు చస్తాయని చెబుతారు, అందులో నిజం ఉంది. కానీ పల్చటి ఎర్రనేలను పిండిగా చేసి ఆషాఢం గాలికి ఎదురు పెడితే, ఇంకే వాన కంటే ఎగిరే మన్నే ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. గాలికి ఇసుక రేణువులు పైకి లేవలేక నేలబారున దుముకుతూ పోతాయి. మనిషి భుజం ఎత్తుకు, కెమెరా ఎత్తుకు లేచేది మెత్తటి మన్ను. నీటిని పట్టుకునేది, సేంద్రియ పదార్థం అంటిపెట్టుకుని ఉండేది ఆ మెత్తటి మన్నే. అంటే గాలి నేలను జల్లెడ పడుతుంది: సారం ఎగిరిపోతుంది, ఇసుక మిగులుతుంది. ఇది ముదిరితే ఏమవుతుందో చూడాలంటే కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోయి చూడండి. హగరి నది ఇసుక గాలికి లేచి చేల మీదికి మేటలు మేటలుగా వచ్చింది.

దుమ్మూ కెమెరా కలిసిన కథ మనదొక్కటే కాదు. అమెరికా నడుమన ఉన్న మైదానాల్లో గడ్డినేలలు దున్ని గోధుమ వేశారు. 1930ల్లో కరువు రాగానే మన్ను లేచింది. 1934 మే నెలలో ఆ దుమ్ము న్యూయార్క్, వాషింగ్టన్ దాకా పోయింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటైంది. ఆ ఆదివారాన్ని ఇప్పటికీ నల్ల ఆదివారం అంటారు. అదే నెల 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఆర్థర్ రోత్‌స్టీన్ అనే కుర్ర ఫోటోగ్రాఫర్ ఓక్లహోమాలో, దుమ్ము గాలిలో గుడిసె వైపు నడుస్తున్న ఒక రైతునూ అతని ఇద్దరు పిల్లలనూ ఫోటో తీశాడు. పట్నాల వాళ్ళకు ఆ కష్టాన్ని కళ్ళకు కట్టించిన ఫోటోల్లో అదొకటి. ఆయన చూపించింది దుమ్మునే. నేను దుమ్ము వల్ల తప్పు చూపించా. తేడా అంతా దుమ్ము అద్దానికి ఏ పక్కన ఉందనే దాంట్లోనే ఉంది.

మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుస్తోంది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఏడాది పొడవునా నేలను కప్పి ఉంచాలనే మాట. వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం, విత్తనానికి బీజామృతం, బంకమన్ను, బూడిద పట్టించి గుళికలు చేయడం, పైన ఆకులో కట్టో పరచడం. తొలి చినుకుకే మొలిచి, ఆషాఢం గాలి వచ్చేసరికి వేళ్ళు మన్నును పట్టుకుంటాయి. గట్ల మీద గ్లిరిసీడియా, కానుగ, సీతాఫలం ఉంటే గాలి ఊపు తగ్గుతుంది.

ఇదంతా సులువని చెప్పను. ఆచ్ఛాదన పరుద్దామంటే గొడ్లకే కట్టె చాలదు. ఊరంతా బీడుగా ఉండి ఒక్క చేను పచ్చగా ఉంటే ఊరి మేకలకు పండగ. తొలి చినుకుకు మొలిచింది రెండో చినుకు రాక మాడిపోయిన ఏళ్ళూ ఉన్నాయి. అందుకే ఇది ఒక్కరి వల్ల కాదు. కనీసం పది చేలవాళ్ళు కలిసి, గొర్రెల కాపరులతో మాట్లాడుకుని, ఒక వరసన వేస్తేనే నిలుస్తుంది. కెమెరా తుడవడం నాకొక్కడికి చేతనవుతుంది. దుమ్ము లేవకుండా చూడడం ఊరి పని.

చివరగా

చిన్నాయనకు మందు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "డబ్బులొద్దు గానీ, పొరపాటు నాది కాదని ఆ గ్రూపుల్లో నీ నోటితో చెప్పు" అన్నాడు. చెప్పాను. పాత ముఖచిత్రం తీసేసి, జరిగింది వివరంగా పెట్టాను. తెగులని రాసినాయన కూడా ఫోన్ చేసి బాధపడ్డాడు. ఆ రైతు కొడుకు మాత్రం ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడు. అతని కోపం న్యాయమే.

ఈ ఏడాది వేసవి చివర ఆ మూడెకరాల్లో నవధాన్యాలు చల్లించాడు. పక్కవాళ్ళు ఇద్దరు కూడా కలిశారు. వీడియో తీద్దామని పొద్దున్నే పోయా. ట్రైపాడ్ దించకముందే అడిగాడు: "అద్దం తుడిచినావా?"

తుడిచానని గోడ ఫోటో చూపించా. అప్పుడు చేనులోకి రమ్మన్నాడు.

చేలను చూపించే మిత్రులందరికీ చెప్పేది ఇదే. బయల్దేరే ముందు తెల్ల గోడకు ఒక ఫోటో తీసుకోండి. తిరిగొచ్చాక పెద్ద తెర మీద చూసి గానీ ఎక్కడా పెట్టకండి. ఎవరి చేనో, ముందు ఆ రైతుకే చూపించండి. రైతులకు చెప్పేది: ఫోటో చూసి మందు కొట్టకండి, చేనుకు పోయి ఆకు తిప్పండి. మా కళ్ళు, మా కెమెరాలు మీ వేళ్ళంత నమ్మదగినవి కావు.